క్రైస్తవ ట్రాన్స్‌హ్యూమనిస్టులు ఎక్కడి నుంచి వచ్చారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేరు చెప్పగానే రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. చర్చికి వెళ్లేవాళ్లు "ఇదేదో అంత్యదినాల గొడవలా ఉందే" అంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు "ఈ రెండూ ఎలా కుదురుతాయి, జోకా?" అంటారు. ఇద్దరూ అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఒకటే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను.

ముందు, ట్రాన్స్‌హ్యూమనిజం అంటే ఏంటి?

మనిషి ఇప్పుడున్న హద్దులు శాశ్వతం కావు, సైన్సుతో టెక్నాలజీతో వాటిని దాటొచ్చు, దాటాలి కూడా అనే ఆలోచన. జబ్బు, ముసలితనం, మతిమరుపు, చివరికి చావు కూడా ఆ హద్దుల్లోకే వస్తాయి. జన్యువుల్ని సవరించడం, మెదడుకీ కంప్యూటర్‌కీ లంకె వేయడం, వృద్ధాప్యాన్ని నెమ్మదింపజేసే పరిశోధనలు, కృత్రిమ మేధ, వీటన్నిటి చుట్టూ ఈ చర్చ తిరుగుతుంది. 1998లో నిక్ బోస్ట్రమ్, డేవిడ్ పియర్స్ అనే ఇద్దరు తత్వవేత్తలు ప్రపంచ ట్రాన్స్‌హ్యూమనిస్ట్ సంఘాన్ని పెట్టారు. అదే తర్వాత హ్యూమానిటీ ప్లస్ అయింది.

మరి క్రైస్తవ ట్రాన్స్‌హ్యూమనిస్ట్ అసోసియేషన్ ఎవరిది? ఎప్పుడు మొదలైంది?

అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ కేంద్రంగా 2014 ప్రాంతంలో రూపం తీసుకుంది. నడిపించే మనిషి మైకా రెడ్డింగ్. ఆయన సాఫ్ట్‌వేర్ డెవలపర్, పాస్టర్ కాదు. మొదట్లో ఆయనతో పాటు ముందు నిలబడినవాళ్లలో ఫ్లోరిడాలోని ప్రెస్బిటేరియన్ పాస్టర్ క్రిస్టఫర్ బెనెక్ ఉన్నారు. సంఘానికి తొలి అధ్యక్షుడు ఈ బెనెకే.

2018 ఆగస్టులో మొదటి సదస్సు జరిగింది. వేదిక నాష్‌విల్‌లోని లిప్స్‌కోంబ్ విశ్వవిద్యాలయం. అది చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంప్రదాయానికి చెందిన విద్యాసంస్థ. వృద్ధాప్యం మీద యుద్ధం ప్రకటించిన పరిశోధకుడు ఆబ్రీ డి గ్రే అక్కడ మాట్లాడారు. చర్చిల ఊరిగా పేరుపడ్డ నాష్‌విల్‌లో, క్రైస్తవ కళాశాల హాల్లో "ముసలితనం అనేది బాగుచేయదగ్గ రిపేరు" అనే మనిషికి మైకు ఇచ్చారు. వీళ్ల స్వభావం అర్థం కావాలంటే నాకు ఈ ఒక్క దృశ్యం చాలు.

ఇది కొత్త చర్చా? కొత్త డినామినేషనా?

కాదు. బాప్తిస్మం ఇవ్వరు, ప్రభు బల్ల ఉండదు, కానుక సంచి తిప్పరు. సభ్యులు తమ తమ చర్చిల్లోనే ఉంటారు. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే, క్రైస్తవ డాక్టర్ల సంఘం, క్రైస్తవ టీచర్ల సంఘం లాంటిదే ఇదీ. కాకపోతే వాళ్లని కలిపేది వృత్తి, వీళ్లని కలిపేది ఒక నమ్మకం.

వాళ్లు ఏం నమ్ముతారు?

ఐదు అంశాల ప్రకటన ఒకటి ఉంది. దాని సారం నా మాటల్లో చెప్తాను. దేవుని పని అంటే సృష్టిని, అందులో మనిషిని కూడా మార్చి కొత్తగా చేయడం. ఆ పనిలో పాలుపంచుకోమని క్రీస్తు మనల్ని పిలిచాడు. అంటే రోగం, ఆకలి, అణచివేత, అన్యాయం, మరణం, వీటికి ఎదురుగా పనిచేయాలి. ఎదుగుదల శరీరానికే కాదు, మనసుకీ ఆత్మకీ సమాజానికీ కూడా కావాలి. సైన్సు, టెక్నాలజీ మనిషి దేవుని స్వరూపంలో పుట్టినందువల్ల వచ్చిన గుణాలు. దారి చూపించేవి యేసు చెప్పిన రెండు గొప్ప ఆజ్ఞలు, దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు. టెక్నాలజీని ఆలోచించి వాడుతూ క్రీస్తును వెంబడిస్తే మనం మరింత మనుషులం అవుతాం.

చివరి ముక్క గమనించండి. "మనిషిని మించినవాళ్లం" అనలేదు, "మరింత మనుషులం" అన్నారు. లౌకిక ట్రాన్స్‌హ్యూమనిస్టులకీ వీళ్లకీ మధ్య గీత అక్కడే ఉంది.

ఇంకొకటి. మొదటి అంశంలోనే మరణాన్ని శత్రువుల జాబితాలో చేర్చారు. అదేం కొత్త మాట కాదు. "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. మన సమాధుల తోటల్లో ఎన్నిసార్లు వినలేదు? పౌలు ఆ శత్రువును నశింపజేసేది క్రీస్తు అంటాడు. వీళ్లు దానికి "మనం కూడా చెయ్యి వేయాలి" అని కలుపుతారు. గొడవంతా ఆ "కూడా" దగ్గరే.

వీళ్లకంటే ముందు మోర్మన్లు ఉన్నారటగా?

ఉన్నారు. మోర్మన్లంటే 19వ శతాబ్దపు అమెరికాలో పుట్టిన, సొంత చర్చి ఉన్న ఒక మతశాఖవాళ్లు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2006 మార్చి 3న 14 మంది కలిసి మోర్మన్ ట్రాన్స్‌హ్యూమనిస్ట్ అసోసియేషన్ పెట్టారు. పదేళ్లు అధ్యక్షుడిగా ఉన్నది లింకన్ కానన్. ఆ సంవత్సరమే ప్రపంచ ట్రాన్స్‌హ్యూమనిస్ట్ సంఘానికి అనుబంధమయ్యారు. మతం పేరు పెట్టుకుని అలా లోపలికి వెళ్లడం అప్పట్లో చాలామందికి వింతగా తోచింది.

మోర్మన్లకు ఈ ఆలోచన మిగతావాళ్లకంటే తేలిగ్గా ఎక్కడానికి కారణం ఉంది. దేవుడు ఒకప్పుడు మనలాంటివాడే, మనం ఆయనలా కాగలం అనే అర్థం వచ్చే ద్విపదను లొరెంజో స్నో 1840లోనే కట్టాడు. ఆయన తర్వాత ఆ చర్చికి అధ్యక్షుడయ్యాడు. అలాంటి వేదాంతం నేర్చుకుని పెరిగినవాడికి "మనిషి మారతాడు, ఎదుగుతాడు, దైవత్వం దాకా వెళ్తాడు" అంటే ఉలిక్కిపాటు ఎందుకుంటుంది? అయితే ఈ అసోసియేషన్‌కీ మోర్మన్ చర్చికీ అధికారిక సంబంధం లేదు. మోర్మన్లు క్రైస్తవులేనా అనేది మిగతా చర్చిల్లో పాత తగాదా. దాన్ని ఇక్కడ తేల్చబోను.

ట్రాన్స్‌హ్యూమనిజం నాస్తికుల ఆలోచన కదా? క్రైస్తవులు అరువు తెచ్చుకున్నారా?

ఎక్కువమంది ఇలాగే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. 1990లో ఆధునిక ట్రాన్స్‌హ్యూమనిజానికి రూపం ఇచ్చిన మాక్స్ మోర్ మతాన్ని మనిషి ఎదుగుదలకు అడ్డంగానే చూశాడు. ఆయన రాసింది మాత్రమే చదివితే ఈ రెండూ పాము, ముంగిస అనిపిస్తాయి.

కానీ మాట పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే కథ తిరగబడుతుంది. 14వ శతాబ్దంలో ఇటలీ కవి దాంతే స్వర్గాన్ని వర్ణిస్తూ, మొదటి సర్గలోనే, తాను ప్రేమించిన బియాట్రిస్ వైపు చూస్తూ తనలో జరిగిన మార్పు గురించి చెప్తాడు. దానికి మాట దొరక్క కొత్త క్రియాపదం ఒకటి తయారుచేశాడు, "త్రాసుమానార్". మనిషిని దాటి వెళ్లడం అని అర్థం. దాన్ని మాటల్లో చెప్పలేం అని కూడా అంటాడు. 1814లో హెన్రీ కేరీ ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు అక్కడ "ట్రాన్స్‌హ్యూమన్" అనే మాట వాడాడు. అంటే ఈ మాట మొదట వచ్చింది ల్యాబుల్లోంచి కాదు, మోక్షం గురించి రాసిన పద్యంలోంచి.

1940లో కెనడా రచయిత, లాయరు విలియం డౌ లైటాల్ "ట్రాన్స్‌హ్యూమనిజం" అనే మాట వాడాడు. ఆయన దృష్టిలో ఉన్నది పౌలు, దాంతే. ఆ తర్వాత జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ 1950లలో దాన్ని చేతిలోకి తీసుకుని, 1957లో ఆ పేరుతోనే వ్యాసం రాశాడు. ఆయన దేవుణ్ణి నమ్మే మనిషి కాదు. మనం ఇప్పుడు వాడే అర్థం ఆయన దగ్గర మొదలైంది.

ఇంట్లో పుట్టిన పిల్ల పెళ్లై దూరదేశం వెళ్లి, యాస మారి, బట్టలు మారి, చాలా ఏళ్లకు తిరిగొస్తే పుట్టింటివాళ్లే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగినట్టుంది ఈ వ్యవహారం.

తెయ్యార్ ద షార్దాన్ పేరు ఎందుకు వస్తుంటుంది?

రాకుండా ఎలా ఉంటుంది! పియేర్ తెయ్యార్ ద షార్దాన్ (1881–1955) ఫ్రెంచి జెస్యూట్ (ఒక కాథలిక్ సన్యాస సభ) గురువు, శిలాజాల శాస్త్రవేత్త కూడా. చైనాలో చాలాకాలం పనిచేశాడు, పెకింగ్ మానవుడు అని పేరుపడ్డ ఆదిమానవుడి ఎముకల తవ్వకాల బృందంతో ఉన్నాడు. ఒక చేతిలో పూజ గిన్నె, ఇంకో చేతిలో ఎముక ముక్క. పరిణామం గుడ్డిగా సాగట్లేదు, పదార్థం నుంచి జీవం, జీవం నుంచి ఆలోచన పుట్టినట్టు అదంతా ఒక చివరి బిందువు వైపు, క్రీస్తు వైపు నడుస్తోంది అన్నాడు. దాన్ని ఒమేగా బిందువు అన్నాడు. భూమి చుట్టూ మనుషుల ఆలోచనల పొర ఒకటి ఏర్పడుతోంది అని కూడా చెప్పాడు. ఇంటర్నెట్ వచ్చాక చాలామంది ఆ మాట గుర్తుచేసుకున్నారు.

పై అధికారులు ఆయన్ని ప్రచురించనివ్వలేదు. న్యూయార్క్‌లో 1955 ఏప్రిల్ 10న, ఈస్టర్ ఆదివారం నాడు చనిపోయాడు. పునరుత్థాన పండుగ రోజునే! ప్రధాన గ్రంథం ఆ ఏడాదే బయటికొచ్చింది. 1959 నాటి ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాసింది ఎవరో తెలుసా? జూలియన్ హక్స్‌లీ. నమ్మనివాడు, నమ్మినవాడు, ఇద్దరూ స్నేహితులు. మనిషి ఇంకా పూర్తికాలేదు అన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

1962లో వాటికన్ ఆయన రచనల మీద హెచ్చరిక జారీ చేసింది. 2009లో పోప్ బెనెడిక్ట్ 16 ఇటలీలోని ఆవొస్తాలో చేసిన ప్రసంగంలో ఆయన దర్శనాన్ని మెచ్చుకుంటూ మాట్లాడారు. బతికుండగా నోరు మూయించి, పోయిన యాభై ఏళ్లకు మెచ్చుకోవడం మనకూ తెలియనిదేం కాదు.

రష్యాలో చనిపోయినవాళ్లందరినీ బతికించాలన్న పెద్దాయన నిజంగా ఉన్నాడా?

నిజమే. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన మనిషి ఆయనే. నికొలాయ్ ఫ్యోదరొవ్ (1829–1903). మాస్కోలో లైబ్రేరియన్. ఆర్థడాక్స్ విశ్వాసి. జీతం పేదలకు పంచేసి, టీ, రొట్టెతో గడిపి, పెట్టె మీద పడుకునేవాడు. తన పేరుతో పుస్తకం వేయడం ఇష్టం లేదు. పోయాక శిష్యులు 1906లో మొదటి సంపుటం అచ్చువేశారు. 480 ప్రతులు, అమ్మకానికి కాదు.

ఆయన వాదన ఇది. క్రీస్తు చావును గెలిచాడని నమ్ముతున్నాం. నమ్మి ఊరుకుంటే సరిపోదు. సైన్సు అంతా ఒక్క పనికి మళ్లాలి, మన తండ్రుల్ని, వాళ్ల తండ్రుల్ని, మొదటి మనిషి దాకా అందర్నీ తిరిగి బతికించాలి. దీన్ని "ఉమ్మడి కార్యం" అన్నాడు. ఇప్పటి తరం సుఖంగా ఉంటే చాలనుకోవడం ఆయనకు నచ్చలేదు, తండ్రుల సమాధుల మీద కొడుకుల విందులా కనిపించింది. మరి అంతమంది లేచొస్తే ఎక్కడ ఉంటారు? భూమి చాలదు కదా. అందుకని ఇతర గ్రహాలకు వెళ్లాలి అన్నాడు. ఆ లైబ్రరీలో కూర్చుని చదువుకున్న ఒక చెవిటి కుర్రాడు తర్వాత రాకెట్ల లెక్కలు రాశాడు. అతని పేరు త్సియొల్కోవ్‌స్కీ.

పితృఋణం అనే మాట వింటూ పెరిగిన మనకి ఫ్యోదరొవ్ విడ్డూరంగా అనిపించడు. ఋణం తీర్చడానికి మనం పిండం పెడితే, ఆయన ప్రయోగశాల పెట్టమన్నాడు, అంతే.

ఇంకా వెనక్కి వెళ్తే?

ఇంగ్లండు తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్. 1620లో వచ్చిన గ్రంథంలో, ఆదాము పడిపోయినప్పుడు మనిషి రెండు పోగొట్టుకున్నాడు అంటాడు, నిర్దోషత్వం, సృష్టి మీద అధికారం. మొదటిది విశ్వాసంతో, రెండోది విద్యలతో శాస్త్రాలతో కొంతైనా తిరిగి తెచ్చుకోవచ్చు అన్నది ఆయన మాట. ఆధునిక సైన్సు పునాది రాళ్లలో ఒక రాయి మీద ఏదెను తోట చెక్కి ఉందన్నమాట.

"దేవతలవలె ఉందురు" అన్నది సర్పం కదా! ఇది ఆ పాపమే కాదా?

చాలా న్యాయమైన ప్రశ్న. మన పాస్టర్లు మొదట అడిగేదీ ఇదే, బాబెలు గోపురంతో కలిపి.

క్రైస్తవ ట్రాన్స్‌హ్యూమనిస్టుల జవాబు తొలినాటి చర్చిలోంచి వస్తుంది. నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్, మనం దైవత్వం పొందాలని దేవుడు మనిషయ్యాడు అని రాశాడు. తూర్పు ఆర్థడాక్స్ చర్చికి ఇది మూల బోధ, దాన్ని థియోసిస్ అంటారు. పేతురు రెండో పత్రికలో "దేవస్వభావమునందు పాలివారు" కావడం గురించి ఉంది. కాబట్టి దేవునిలా కావడం అనే కోరిక దానంతట అది పాపం కాదు, దేవుణ్ణి పక్కకు నెట్టి కావాలనుకోవడం పాపం అంటారు. ఏదెనులో చెట్టు మీది పండు దొంగిలించారు, ఇక్కడ తండ్రి పిలిచి పని నేర్పుతున్నాడు అని వాళ్ల భావం.

నా అభిప్రాయం అడిగితే, జవాబులో బలం ఉంది, ఒక కంత కూడా ఉంది. అథనాసియస్ చెప్పిన మార్పు కృప వల్ల, ప్రార్థన వల్ల, సంస్కారాల వల్ల వచ్చేది. సర్జరీ బల్ల మీద వచ్చేది కాదు. ఆ రెండింటినీ కలిపే వంతెన ఇంకా పూర్తిగా కట్టలేదు.

చిప్ పెట్టించుకుంటే 666 మృగముద్ర కాదా?

ఆధార్ వచ్చినప్పుడు విన్నాం, కరోనా టీకా వచ్చినప్పుడు వాట్సాప్‌లో మళ్లీ విన్నాం. ప్రకటన గ్రంథంలో ఆ ముద్ర ఎవరిని ఆరాధిస్తున్నావు అనే ప్రశ్నతో ముడిపడి ఉంది. గుండె జబ్బున్నవాళ్లకి పేస్‌మేకర్ పెట్టిన డాక్టర్ని మనం అంత్యక్రీస్తు అనం కదా.

కృత్రిమ మేధకు రక్షణ ఉందని ఎవరో పాస్టర్ అన్నారట?

పైన చెప్పిన క్రిస్టఫర్ బెనెక్. 2015లో ఆ మాట పెద్ద దుమారం లేపింది. ఆయన అన్నది, నిజంగా సొంతంగా ఆలోచించే కృత్రిమ మేధ వస్తే, క్రీస్తు విమోచన కార్యంలో దాన్నీ పాలుపంచుకోమని ఆహ్వానించాలి అని. రోబోలకు రేపే బాప్తిస్మం అని కాదు. పత్రికలకు రెండోదే శీర్షికకి బాగుంటుంది, ఏం చేస్తాం.

జబ్బు నయం చేయడం వేరు, ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి మెరుగుపరచడం వేరు కదా?

మా అమ్మమ్మకి శుక్లాల ఆపరేషన్ చేసి కంట్లో లెన్స్ పెట్టారు. ఆ తర్వాత చిన్నక్షరాల బైబిల్ అద్దాలు లేకుండా చదివింది. డెబ్బై ఏళ్ల కంటికి అది మామూలు చూపా, మామూలుకంటే ఎక్కువా? ఆమె "దేవుడు కళ్లిచ్చాడు" అంది. డాక్టర్ బిల్లు ఇచ్చాడు. రెండూ నిజమే.

గీత ఉంది, కానీ గోడలా లేదు. టీకా కూడా ఆరోగ్యంగా ఉన్న శరీరానికి లేని శక్తిని ఇచ్చేదే. కానీ పుట్టబోయే బిడ్డ జన్యువుల్ని తల్లిదండ్రుల ఇష్టం కొద్దీ దిద్దడం దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. 2004లో కాథలిక్ అంతర్జాతీయ వేదాంత సంఘం విడుదల చేసిన పత్రం ఈ విషయంలో చాలా జాగ్రత్త చెప్పింది. మనిషి తన శరీరానికి యజమాని కాదు, గృహనిర్వాహకుడు అన్నది దాని ధోరణి. క్రైస్తవ ట్రాన్స్‌హ్యూమనిస్టులు అదే మాట పట్టుకుని, మంచి గృహనిర్వాహకుడు యజమాని అప్పగించిన తలాంతును (డబ్బును) పాతిపెట్టడు కదా అంటారు.

అన్నిటికన్నా గట్టి విమర్శ ఏది?

నా లెక్కలో బాబెలు కాదు, సర్పం కాదు. డబ్బు. వందేళ్లు అదనంగా బతికే మందు వస్తే మొదట ఎవరికి? 2004లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఫుకుయామా ట్రాన్స్‌హ్యూమనిజాన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన ఆలోచన అన్నది కూడా సమానత్వం గురించిన భయంతోనే. మెరుగైనవాళ్లు, మెరుగుకానివాళ్లు అని రెండు జాతులైతే "మనుషులంతా సమానం" అనే మాట ఏమౌతుంది?

రెండోది వైకల్యం ఉన్నవాళ్ల నుంచి వస్తుంది. మమ్మల్ని బాగుచేయాల్సిన లోపాలుగా చూడటం ఎవరు నేర్పారు అని అడుగుతారు. సిలువ గాయాలతోనే తిరిగి లేచిన క్రీస్తు, ఆ గాయాలు తోమాకు చూపించాడు. పునరుత్థాన శరీరంలో కూడా మచ్చలు ఉన్నాయి. దీనికి వీళ్ల దగ్గర సూటి జవాబు నాకు కనిపించలేదు.

వీటికీ తెలుగు సంఘాలకీ ఏమైనా సంబంధం ఉందా?

ఈ సంఘంతో నేరుగా లేదు. కానీ ఆ ప్రకటనలో మొదటి అంశం, రోగానికి ఎదురుగా పనిచేయడం దేవుని పని అన్నది, గుంటూరులో ఎప్పటినుంచో ఉంది. అమెరికా లూథరన్ డాక్టరమ్మ ఆనా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆస్పత్రి తెరిచింది. ఇప్పటికీ దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు. కాన్పుల్లో ఆడవాళ్లు చనిపోవడం దైవనిర్ణయం అని ఊరుకోకుండా, అప్పటికి ఉన్న కొత్త వైద్యాన్ని మోసుకొచ్చింది. ఆమెను ట్రాన్స్‌హ్యూమనిస్టు అంటే నవ్వుతుందేమో. అయినా ఆమె నుంచి నాష్‌విల్ దాకా గీత గీస్తే మధ్యలో ఎక్కడ చెరపాలో నాకు తెలియట్లేదు.

మీరు చేరారా?

లేదు. చదువుతాను, వాళ్ల పాడ్‌కాస్ట్ అప్పుడప్పుడు వింటాను. అమ్మమ్మ బతికుంటే ఆమెను చేర్పించి ఉండేవాణ్ణేమో. కంటి ఆపరేషన్ అయ్యాక పంటి సెట్టు, ఆ తర్వాత మోకాళ్లు, తన జాబితా తన దగ్గర ఉండేది.